పోకిమాన్ గోలో పాచిక ఎవల్యూషన్లు: ఈవీ, వర్మ్‌పుల్, క్లాంపర్ల్ బటన్ నొక్కే ముందు చూసుకోవాల్సినవి

పది కిలోమీటర్లు నడిచి, ఒక్క ట్యాప్‌తో ఆ నడకంతా నీళ్లపాలు చేసుకున్నాను ఒకసారి. మాటవరసకు అనడం లేదు, అక్షరాలా నీళ్లపాలే. ఐవీలు (అటాక్, డిఫెన్స్, హెచ్‌పీలకు పుట్టుకతో వచ్చే అంకెలు) మూడూ గరిష్ఠంగా 15 ఉన్న ఈవీ ఒకటి దొరికింది. దాన్ని బడ్డీగా (వెంట నడిచే తోడుగా) పెట్టుకుని వారం పాటు నడిచాను. లెక్క పది దాటింది, ఇక రాత్రి కాగానే ఎవాల్వ్ చేసి, అంటే రూపం మార్చి, అంబ్రియన్ చేసేయడమే మిగిలింది. ఆ సాయంత్రం వేరే పోకిమాన్‌కు ఒక్క క్యాండీ (ఎవాల్వ్ చేయడానికి ఖర్చుపెట్టేది) తక్కువపడితే, ఏముందిలే అని బడ్డీని మార్చాను. రాత్రి తొమ్మిదింటికి ఈవీ పేజీ తెరిచి, బటన్ వంక సరిగ్గా చూడకుండానే ఎవాల్వ్ నొక్కేశాను. తెల్లటి వెలుగు తగ్గాక తెర మీద చేప తోక కనిపించింది. వేపోరియన్. నీటి రకం.

ఆట నన్ను మోసం చేయలేదు. ఆ బటన్ మీద ప్రశ్నార్థకం ఉంది, నేనే చూడలేదు. ఈ ఆటలో ఏ ఎవల్యూషన్ పాచిక (అంటే ఏ రూపం వస్తుందన్నది అదృష్టం), ఏది కాదు అన్నది ముందే తెలుస్తుంది. తెలిశాక మనం తేల్చుకోవాల్సింది ఒక్కటే: ఏ పోకిమాన్‌ను పాచికకు వదలొచ్చు, దేన్ని వదలకూడదు.

ముందు: పాచిక ఎక్కడుంది, ఎక్కడ లేదు

చాలామంది కొత్త ఆటగాళ్లు కొమ్మలు చీలే ప్రతి ఎవల్యూషన్‌నూ లాటరీ అనుకుంటారు. నిజానికి ఏది వస్తుందో ముందే చెప్పలేనివి వేళ్ల మీద లెక్కపెట్టేటన్నే. ఆటలో ఎక్కువగా ఎదురయ్యేవి ఈ మూడు:

ఈవీ: 25 క్యాండీలు. ఏ షరతూ తీర్చకపోతే వేపోరియన్, జోల్టియన్, ఫ్లేరియన్‌లలో ఏదో ఒకటి.
వర్మ్‌పుల్: 12 క్యాండీలు. సిల్కూన్ లేదా కాస్కూన్.
క్లాంపర్ల్: 50 క్యాండీలు. హంటెయిల్ లేదా గోరెబిస్.

పైకి పాచికలా కనిపించినా కానివి ఇంకా ఉన్నాయి. బర్మీ సంగతి చూడండి. మగదైతే మోథిమ్, ఆడదైతే వర్మడమ్. అందులో అదృష్టం పాత్రేమీ లేదు, పేజీలో లింగం గుర్తు చూస్తే చాలు. కాస్మోఎమ్ పగలు సోల్‌గలియో అవుతుంది, రాత్రి లునాలా అవుతుంది. గ్లూమ్‌కు మామూలుగా క్యాండీలు పెడితే వైల్‌ప్లూమ్, సన్ స్టోన్ కూడా కలిపితే బెలోసమ్. ఇన్‌కే మరీ తమాషా: ఫోన్‌ను తలకిందులుగా పట్టుకుంటే తప్ప ఎవాల్వ్ కాదు. అది తెలియక అది బగ్ అనుకునేవాళ్లు ఎందరో. టైరోగ్ మాత్రం ఈ రెండు గుంపుల మధ్య ఉంటుంది. దాని సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి, చివర్లో వస్తాను.

ఒకటో అడుగు: బటన్‌ను చదవడం

ఈవీ పేజీలో కిందికి వెళ్తే ఎవాల్వ్ బటన్ ఉంటుంది. దాని పక్కన చిన్న బొమ్మ ఉంటుంది. అక్కడ ప్రశ్నార్థకం కనిపిస్తే అది పాచిక. ఏదైనా రూపం బొమ్మ గానీ, నల్లటి నీడబొమ్మ గానీ కనిపిస్తే వచ్చేది అదే, కచ్చితంగా. చెవులు, తోక చూసి నీడబొమ్మ ఎవరిదో పట్టేయొచ్చు. అంబ్రియన్‌కు పొడవాటి కోసు చెవులుంటాయి, ఎస్పియన్ తోక చివర రెండుగా చీలి ఉంటుంది.

ఈ ఒక్క అలవాటు చేసుకుంటే సగం తలనొప్పులు పోతాయి. షరతులన్నీ తీర్చాను కదా అన్న ధీమాతో నొక్కొద్దు. షరతు తీరిందో లేదో ఆటకు తెలుసు, ఆ సంగతి బటన్ మీదే రాసిపెడుతుంది. నేను చదవకుండా నొక్కాను కాబట్టే నా ఈవీ ఈదుకుంటూ పోయింది.

బటన్ నొక్కాక ‘నిజంగా ఎవాల్వ్ చేయాలా’ అని ఇంకోసారి అడుగుతుంది. అవును అన్నాక ఇక వెనక్కి రాలేం. యానిమేషన్ నడుస్తుండగా యాప్ మూసేసినా, నెట్ కట్ చేసినా ఫలితం మారదు. అది తేలేది మీ ఫోన్‌లో కాదు, సర్వర్‌లో. మళ్లీ తెరిచేసరికి ఏది రావాలో అది వచ్చి కూర్చునే ఉంటుంది.

రెండో అడుగు: పాచిక లెక్క

ఈవీ మూడు రూపాలకూ సమాన వాటా అన్న లెక్కతో చూద్దాం. మీకు జోల్టియన్ కావాలి. ఒక ఈవీని ఎవాల్వ్ చేస్తే వచ్చే అవకాశం మూడింట ఒకటి, అంటే 33 శాతం. మూడు ఈవీలను చేస్తే? చాలామంది ‘మూడింట్లో ఒకటి వచ్చి తీరుతుంది’ అంటారు. రాదు. మూడుసార్లూ జోల్టియన్ రాకుండా పోయే అవకాశం 27లో 8. అంటే కనీసం ఒకటి వచ్చే అవకాశం 70 శాతమే. ఐదు చేస్తే 87 శాతం దగ్గరికి, ఏడు చేస్తే 94కి, పది చేస్తే 98కి చేరుతుంది. పది చేసినా నూరు కాదు. అరవై మంది తలా పది ఈవీలను ఎవాల్వ్ చేస్తే, వాళ్లలో ఒకరు జోల్టియన్ మొహం చూడకుండానే 250 క్యాండీలు ఖర్చుపెట్టేస్తారని లెక్క. ఆ ఒక్కరు మీరే అయిన రోజు ‘ఆటలో ఏదో తేడా ఉంది’ అనిపిస్తుంది. తేడా ఏమీ లేదు.

మూడు రూపాలూ పోకెడెక్స్‌లో (మనకు దొరికిన పోకిమాన్‌ల జాబితాలో) చేరాలంటే సగటున ఐదున్నర ఎవల్యూషన్లు పడతాయి. మొదటిది ఏది వచ్చినా కొత్తదే కాబట్టి ఒకటి. రెండో కొత్త రూపానికి సగటున ఒకటిన్నర, మూడోదానికి సగటున మూడు. ఇబ్బంది పెట్టేది ఆఖరిదే. మొదటి మూడింట్లోనే మూడూ పడే అదృష్టం 22 శాతం మందికే ఉంటుంది. క్యాండీల్లో చెప్పాలంటే 140 దాకా దగ్గర పెట్టుకుని మొదలుపెట్టండి.

‘వరసగా నాలుగు ఫ్లేరియన్లు వచ్చాయి, ఐదోది వేరేది రాక చస్తుందా’ అన్న మాట కూడా తరచూ వింటుంటాం. ఐదోది కూడా ఫ్లేరియన్ అయ్యే అవకాశం సరిగ్గా మొదటిదానికి ఉన్నంతే ఉంటుంది. వెనకటి నాలుగింటి సంగతి ఐదో ఈవీకి పట్టదు. అలాగే ఈవీ మగదా ఆడదా, పెద్దదా చిన్నదా, దాని దాడులేమిటి, బయట వానా ఎండా అన్నవి చూసి ఏది వస్తుందో చెప్పొచ్చని పాత ఆటగాళ్లు రకరకాల సూత్రాలు కట్టారు. వాన పడుతుంటే వేపోరియన్ అన్నది వాటిలో నాకు బాగా నచ్చినది, వినడానికి ఎంతో బాగుంటుంది కూడా. వీటిలో ఒక్కటీ పనిచేయదు.

మూడో అడుగు: ఈవీకి పాచిక లేని దారులు

2016 జూలైలో నయాంటిక్ ఈ ఆటను విడుదల చేసినప్పుడు ఈవీకి మూడు రూపాలే ఉండేవి. 2017లో ఎస్పియన్, అంబ్రియన్, 2019లో లీఫియన్, గ్లేసియన్, 2021లో సిల్వియన్ వచ్చి చేరాయి. ఇప్పుడు మొత్తం ఎనిమిది. విశేషమేమిటంటే తర్వాత వచ్చిన ఐదింటిలో ఒక్కటి కూడా పాచికలో పడదు. వాటికి సొంత దారులున్నాయి.

ఎస్పియన్, అంబ్రియన్. ఈవీని బడ్డీగా పెట్టుకుని పది కిలోమీటర్లు నడవాలి. ఈవీకి ప్రతి 5 కిలోమీటర్లకు ఒక క్యాండీ వస్తుంది కాబట్టి, రెండు క్యాండీలు సంపాదించే సరికి ఆ పది పూర్తవుతుంది. తర్వాత అది బడ్డీగా ఉండగానే 25 క్యాండీలతో ఎవాల్వ్ చేయాలి. పగలైతే ఎస్పియన్, రాత్రైతే అంబ్రియన్. పగలా రాత్రా అన్నది ఆటలో మ్యాప్ మీది ఆకాశాన్ని బట్టి. సంధ్యవేళ ఎటూ తేలని సమయంలో కిటికీలోంచి చూసి తొందరపడొద్దు, బటన్ మీది నీడబొమ్మ ఎవరిదో చూసి నొక్కండి. నేను చేసిన తప్పు ‘బడ్డీగా ఉండగానే’ అన్న మాట దగ్గరే జరిగింది. పది నడిచాక బడ్డీని మార్చి, అలాగే ఎవాల్వ్ చేస్తే ఈవీ తిన్నగా పాచికలోకి వెళ్తుంది. నా అంబ్రియన్ అలాగే వేపోరియన్ అయింది.

లీఫియన్, గ్లేసియన్. పోకెస్టాప్‌కు (మ్యాప్ మీద వస్తువులు దొరికే చోటుకు) మాసీ లూర్ (పోకిమాన్‌లను ఆకర్షించే ఎర) తగిలించి ఉంటే, దాని పరిధిలో నిలబడి ఈవీని తెరిస్తే లీఫియన్ బటన్ కనిపిస్తుంది. గ్లేసియల్ లూర్ ఉంటే గ్లేసియన్. ఆ లూర్ మీరే పెట్టాలని లేదు, దారిన పోయే ఎవరో పెట్టిందైనా చాలు. లూర్ ఉన్నంతసేపు ఎన్ని ఈవీలనైనా చేసుకోవచ్చు. అందుకే కొనేటట్టయితే రెండు మూడు మంచి ఈవీలు, సరిపడా క్యాండీలు సిద్ధం చేసుకున్నాకే కొనండి. ఒక్క ఈవీ కోసం ఒక లూర్ ఖర్చుపెట్టడం నాకైతే ప్రాణం ఒప్పదు.

సిల్వియన్. ఇది సహనానికి పరీక్ష. ఈవీని బడ్డీ చేసుకుని 70 హార్టులు (బడ్డీతో స్నేహానికి గుర్తులు) సంపాదించాలి. నడిస్తే రెండు కిలోమీటర్లకు ఒక హార్టు చొప్పున రోజుకు మూడు దాకా వస్తాయి. బెర్రీలు తినిపిస్తే మూడు దాకా. ఆడిస్తే ఒకటి, ఫొటో తీస్తే ఒకటి, కలిసి యుద్ధం చేస్తే ఒకటి, కొత్త చోటికి తీసుకెళ్తే ఒకటి. రోజూ ఇవన్నీ చేసేవాళ్లకు వారం పది రోజుల్లో 70 నిండుతాయి. బెర్రీలు పెట్టి, ఒక ఫొటో తీసి ఊరుకునే నాలాంటి వాళ్లకు ఇరవై రోజులైనా పడుతుంది. హార్టులు నిండాక 25 క్యాండీలు మామూలే.

ఇక అందరికీ తెలిసిన పేర్ల కిటుకు. ఈవీకి ఒక ప్రత్యేకమైన పేరు పెడితే, ఆ పేరుకు కట్టిన రూపమే వస్తుంది. ఎనిమిది రూపాలకూ ఎనిమిది పేర్లు. వీటిని ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి, మొదటి అక్షరం పెద్దది. ఒక్క అక్షరం తేడా వచ్చినా పనిచేయదు కాబట్టి విడివిడిగా ఇస్తున్నాను:

వేపోరియన్‌కు రైనర్: ఆర్, ఏ, ఐ, ఎన్, ఈ, ఆర్.
జోల్టియన్‌కు స్పార్కీ: ఎస్, పీ, ఏ, ఆర్, కే, వై.
ఫ్లేరియన్‌కు పైరో: పీ, వై, ఆర్, ఓ.
ఎస్పియన్‌కు సకురా: ఎస్, ఏ, కే, యూ, ఆర్, ఏ.
అంబ్రియన్‌కు తమావో: టీ, ఏ, ఎం, ఏ, ఓ.
లీఫియన్‌కు లినియా: ఎల్, ఐ, ఎన్, ఎన్, ఈ, ఏ. ఎన్ రెండుసార్లు, ఇక్కడే ఎక్కువమంది తప్పు కొడతారు.
గ్లేసియన్‌కు రియా: ఆర్, ఈ, ఏ.
సిల్వియన్‌కు కిరా: కే, ఐ, ఆర్, ఏ.

మొదటి మూడు పేర్లు పోకిమాన్ కార్టూన్ సీరియల్‌లో ఈవీలను పెంచిన అన్నదమ్ములవి. ఆ పాత ఎపిసోడ్ చూసినవాళ్లకు ఇవి ఎప్పటికీ గుర్తుండిపోతాయి.

ప్రతి పేరూ ఒక అకౌంట్‌లో ఒక్కసారే పనిచేస్తుంది. పేరు పెట్టినంత మాత్రాన అది ఖర్చయిపోదు, ఎవాల్వ్ చేసినప్పుడే ఖర్చవుతుంది. కాబట్టి పేరు పెట్టండి, పేజీ మూసి మళ్లీ తెరవండి, ప్రశ్నార్థకం పోయి బొమ్మ వచ్చిందేమో చూడండి. రాకపోతే యాప్ మూసి తెరవండి. అప్పటికీ ప్రశ్నార్థకమే ఉంటే ఒకటి స్పెల్లింగ్ తప్పు, లేదా ఎన్నడో ఆ పేరు వాడేసి మరిచిపోయారు. రెండోదే ఎక్కువగా జరుగుతుంది.

నాలుగో అడుగు: పేర్లను ఎక్కడ దాచుకోవాలి

చాలామంది ఆట మొదలెట్టిన వారంలోనే ఎనిమిది పేర్లూ గబగబా వాడేస్తారు. పోకెడెక్స్ నిండుతుంది, సంబరంగా ఉంటుంది. 200 క్యాండీలకు ఎనిమిది రూపాలు, మధ్యలో పాచిక లేదు. చూడ్డానికి లాభసాటి బేరమే. కానీ నా లెక్కలో అది తొందరపాటు.

ఎందుకో చూడండి. ఎస్పియన్, అంబ్రియన్ ఎన్ని కావాలన్నా నడిచి తెచ్చుకోవచ్చు. లీఫియన్, గ్లేసియన్ లూర్ దగ్గర, సిల్వియన్ హార్టులతో ఎన్నిసార్లయినా వస్తాయి. ఈ ఐదింటికీ పేరు ఒక అడ్డదారి మాత్రమే, అసలు దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. వేపోరియన్, జోల్టియన్, ఫ్లేరియన్‌ల సంగతి వేరు. ఈ మూడింటినీ కచ్చితంగా తెప్పించే దారి పేరొక్కటే, అదీ జన్మకోసారి. రైనర్, స్పార్కీ, పైరో అయిపోయాక ఇక బతుకంతా పాచికే.

అందుకని ఆ మూడు పేర్లనూ బంగారంలా దాచుకోండి. పోకెడెక్స్ నింపడానికి మామూలు ఈవీలను పాచికకు వదలండి. ఒకటీ రెండూ స్టార్లున్న (ఐవీలు అంతంతమాత్రమైన) ఈవీలు కుప్పలుగా దొరుకుతాయి, ఏది వచ్చినా బాధ ఉండదు. రైనర్, స్పార్కీ, పైరో మాత్రం మూడు ఐవీలూ 15 ఉన్న ఈవీకో, షైనీ (అరుదైన వేరే రంగు) ఈవీకో, కమ్యూనిటీ డే (ఒక పోకిమాన్ కోసం జరిపే ప్రత్యేక ఈవెంట్) లాంటి రోజున ప్రత్యేక దాడి వచ్చేటప్పుడో తీయండి. 2021 ఆగస్టు ఈవీ కమ్యూనిటీ డేలో ఎవాల్వ్ చేసినవాటికి అలాంటి దాడులే వచ్చాయి: వేపోరియన్‌కు స్కాల్డ్, జోల్టియన్‌కు జాప్ కానన్, ఫ్లేరియన్‌కు సూపర్‌పవర్. ఆ రోజున చేతిలో పేరు మిగిలినవాళ్లు నిశ్చింతగా తమ ఉత్తమ ఈవీని మార్చుకున్నారు. పేరు లేనివాళ్లు గుండె చిక్కబట్టుకుని నొక్కారు.

ఐదో అడుగు: నొక్కే ముందు తూకం

అప్రైజ్ నొక్కి మూడు గీతలూ చూడండి: అటాక్, డిఫెన్స్, హెచ్‌పీ. ఒక్కొక్కటి 0 నుంచి 15 దాకా. ఎవాల్వ్ అయ్యాక ఈ మూడూ మారవు. షైనీ అయితే షైనీగానే, లక్కీ అయితే లక్కీగానే ఉంటుంది. లెవెల్ కూడా అదే. మారేది జాతి, దాంతోపాటు సీపీ (మొత్తం బలాన్ని చూపే అంకె).

కాబట్టి పాచికకు వెళ్లే ఈవీ మీద ముందుగా స్టార్‌డస్ట్ (పవరప్‌కు, అంటే బలం పెంచడానికి ఖర్చయ్యేది) పొయ్యకండి. పవరప్ ఖర్చు లెవెల్‌ను బట్టి ఉంటుంది తప్ప జాతిని బట్టి కాదు. ఈవీగా ఉండగా పెంచినా, జోల్టియన్ అయ్యాక పెంచినా ఖర్చు ఒకటే. మరి వచ్చేది మనకు అక్కర్లేనిదైతే? ముందు మార్చండి, చూసుకోండి, పనికొస్తేనే పెంచండి.

యుద్ధాల లీగ్ ఆడేవాళ్లకు ఇంకో లెక్క కావాలి. గ్రేట్ లీగ్‌లో సీపీ 1500 దాటకూడదు. ఈవీ అంబ్రియన్ అయితే సీపీ సుమారు రెండింతలవుతుంది. అంటే అంబ్రియన్‌గా గ్రేట్ లీగ్‌లో ఆడించాలనుకునే ఈవీ 700 దగ్గర ఉండాలి, 800 దాటినది దండగ. పాచికలో వచ్చే మూడు రూపాలకు సీపీ ఇంకా ఎక్కువ పెరుగుతుంది, రెండున్నరింతలు దాటి మూడింతల దాకా. ఇంత తేడా ఎందుకంటే, అంబ్రియన్ బలమంతా డిఫెన్స్‌లో ఉంటుంది: అటాక్ 126, డిఫెన్స్ 240. ఫ్లేరియన్‌ది అందుకు పూర్తి వ్యతిరేకం: అటాక్ 246, డిఫెన్స్ 179. సీపీ లెక్కలో అటాక్‌కే ఎక్కువ బరువు. అందుకే నంబరు చూడ్డానికి ఫ్లేరియన్‌దే ఘనంగా ఉంటుంది, లీగ్‌లో ఎక్కువసేపు నిలబడేది మాత్రం అంబ్రియన్. వేపోరియన్ అటాక్ ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. స్టామినా (హెచ్‌పీకి ఆధారం) 277 ఉండటంతో జిమ్‌లో కాపలాకు కూర్చోబెట్టడానికి బాగుంటుంది. అక్కర్లేకుండా వచ్చిన నా వేపోరియన్ ఇప్పుడు చేస్తున్న ఉద్యోగం అదే.

వర్మ్‌పుల్: పాచిక ఒక్కసారే

దీన్ని చాలామంది తప్పుగా అర్థం చేసుకుంటారు. వర్మ్‌పుల్‌కు రెండు మెట్లున్నాయి. పాచిక మొదటి మెట్టు దగ్గరే పడుతుంది. 12 క్యాండీలతో సిల్కూన్ గానీ కాస్కూన్ గానీ వస్తుంది. అక్కడి నుంచి దారి ఖరారైపోయినట్టే: సిల్కూన్ ఎప్పుడూ బ్యూటిఫ్లై, కాస్కూన్ ఎప్పుడూ డస్టాక్స్, 50 క్యాండీలతో. రెండు గూళ్లూ చూడ్డానికి ఇంచుమించు ఒకేలా ఉంటాయి, తెల్లనిది సిల్కూన్, ఊదారంగుది కాస్కూన్. పేరు చూడకుండా ఒక కాస్కూన్‌ను ‘ఈసారి బ్యూటిఫ్లై రావచ్చులే’ అని ఎవాల్వ్ చేస్తే 50 క్యాండీలు బూడిదలో పోసినట్టే.

పాత గేమ్‌బాయ్ రోజుల్లో వర్మ్‌పుల్ ఏమవుతుందో, అది దొరికిన క్షణంలోనే దానికి కేటాయించిన ఒక దాగి ఉన్న సంఖ్య నిర్ణయించేది. మనకు కనిపించకపోయినా అప్పటికే తేలిపోయి ఉండేది. పోకిమాన్ గోలో బటన్ నొక్కేదాకా ఏమీ తేలదు.

ఇది బొమ్మా బొరుసా లాంటిదే కాబట్టి లెక్క సులువు. కావలసినది నాలుగు ప్రయత్నాల్లో కనీసం ఒకసారి వచ్చే అవకాశం 94 శాతం దగ్గర. రెండూ రావడానికి సగటున మూడు ఎవల్యూషన్లు, 36 క్యాండీలు. వర్మ్‌పుల్ చవక కాబట్టి ముందే ఐదారు వర్మ్‌పుల్‌లను వరసగా మార్చేసి, రెండు రకాల గూళ్లూ చేతికొచ్చాకే 50 క్యాండీల మెట్టు వైపు చూడండి. నచ్చిన ఐవీలున్న వర్మ్‌పుల్‌ను ఏం చేయాలంటారా? దానికి పేర్ల కిటుకు లేదు. ఏది వచ్చినా పరవాలేదనుకుంటేనే నొక్కాలి.

క్లాంపర్ల్: పాచిక ఖరీదైన చోట

అదే బొమ్మా బొరుసు, కానీ ఒక్కో విసురుకు 50 క్యాండీలు. రెండూ రావాలంటే సగటున 150. మూడుసార్లు వరసగా ఒకటే రూపం పడి 150 క్యాండీలు పోయినా రెండోది రాకపోవడం నలుగురిలో ఒకరికి జరుగుతుంది. మొదటిది ఎటూ ఏదో ఒకటి, తర్వాతి రెండూ దానిలాగే పడితే చాలు కదా.

క్లాంపర్ల్ కనిపించినప్పుడల్లా పినాప్ బెర్రీ వేయడం తప్పదు. మామూలుగా పట్టుకుంటే 3 క్యాండీలు, పినాప్‌తో 6. ఆ లెక్కన ఒక ఎవల్యూషన్‌కు తొమ్మిది క్లాంపర్ల్‌లు. అక్కర్లేనివి ట్రాన్స్‌ఫర్ చేస్తే ఒక్కోదానికి ఒక క్యాండీ తిరిగొస్తుంది. నా సలహా మాత్రం ఇది: ఒకే రూపం రెండుసార్లు వచ్చాక ఆగండి. రెండు హంటెయిల్‌లు వచ్చి గోరెబిస్ కోసం ఎదురుచూస్తున్న మిత్రుడు ఎక్కడో ఒకచోట ఉంటాడు, మీకు రెండు గోరెబిస్‌లు వచ్చినట్టే. మార్చుకోండి. పోకెడెక్స్‌లో లేని రూపాన్ని ట్రేడ్‌లో తీసుకోవడానికి స్టార్‌డస్ట్ మామూలు ట్రేడ్ కన్నా ఎక్కువే అవుతుంది, కానీ స్నేహం స్థాయి పెరిగేకొద్దీ ఆ ఖర్చు తగ్గుతుంది. ట్రేడ్‌లో ఐవీలు మారిపోతాయి, కానీ పోకెడెక్స్‌లో ఖాళీ నింపడానికి ఐవీలతో పనేముంది?

టైరోగ్: పాచికలా కనిపించే తూకం

టైరోగ్‌కు 25 క్యాండీలు, మూడు రూపాలు. అటాక్ ఐవీ ఎక్కువైతే హిట్‌మన్‌లీ, డిఫెన్స్ ఎక్కువైతే హిట్‌మన్‌చాన్, హెచ్‌పీ ఎక్కువైతే హిట్‌మన్‌టాప్. ఉదాహరణకు అటాక్ 12, డిఫెన్స్ 9, హెచ్‌పీ 14 ఉంటే ఏ అనుమానమూ లేదు, హిట్‌మన్‌టాపే. అప్రైజ్‌లో మూడు గీతల్లో ఏది పొడవో చూస్తే చాలు.

పాచిక పడేది గీతలు సమానమైనప్పుడే. అటాక్ 13, హెచ్‌పీ 13, డిఫెన్స్ 8 అయితే హిట్‌మన్‌లీ, హిట్‌మన్‌టాప్‌లలో ఏదో ఒకటి. డిఫెన్స్ తక్కువ కాబట్టి హిట్‌మన్‌చాన్ రాదు. ఇక మూడూ 15 ఉన్న టైరోగ్‌కు మూడు దారులూ తెరిచే ఉంటాయి. ఆటలో అందరూ కోరుకునే నిండు టైరోగే అన్నిటికన్నా ఎటు పోతుందో చెప్పలేనిది కావడం భలే తమాషా. ఒక రూపం మీద మనసుంటే 15/14/15 లాంటిదానికన్నా, కావలసిన గీత ఒక్కటే అన్నిటికన్నా పొడవున్నదాన్ని వెతుక్కోవడం మేలు. ఒక్క పాయింటు తేడా ఉన్నా చాలు.

ట్రేడ్‌లో ఐవీలు కొత్తగా పడతాయని పైన చెప్పాను కదా. టైరోగ్ విషయంలో అదొక ఆయుధం. మీ దగ్గర అన్నీ హిట్‌మన్‌లీ అయ్యే టైరోగ్‌లే మిగిలిపోతే, మీ స్నేహితుడితో ఒకటి మార్చుకోండి. అవతలికి వెళ్లిన టైరోగ్ గీతలు మారిపోతాయి, ఇవతలికి వచ్చినదానివీ అంతే. అప్రైజ్ చూసుకుని, కావలసిన గీత పొడవుగా పడితే అప్పుడు క్యాండీలు పెట్టండి. ఇద్దరికీ లాభమే. ఒకసారి ట్రేడ్ అయిన పోకిమాన్‌ను మళ్లీ ట్రేడ్ చేయలేం కాబట్టి, ఒక్కో టైరోగ్‌కు ఈ అవకాశం ఒక్కసారే.

మారాక

ఏ ఎవల్యూషన్‌లోనైనా ఇంకో పాచిక ఉంటుంది, దాన్ని ఎవరూ లెక్కలోకి తీసుకోరు. రూపం ఖాయమైనా దాడులు ఖాయం కాదు. ఫాస్ట్ అటాక్, చార్జ్‌డ్ అటాక్ రెండూ కొత్త జాతి జాబితాలోంచి ఏవో ఒకటి వస్తాయి. ఈవీగా ఉన్నప్పటి దాడి మంచిదని మురిసిపోయి లాభం లేదు. నచ్చనిది వస్తే ఫాస్ట్ టీఎం, చార్జ్‌డ్ టీఎం వాడి మార్చొచ్చు. అవి కూడా యాదృచ్ఛికంగానే మారుస్తాయి. కావలసినదాన్ని ఎంచుకోనిచ్చేది ఎలీట్ టీఎం ఒక్కటే, అది అరుదు. కమ్యూనిటీ డే దాడి కోసం ఎలీట్ టీఎం ఖర్చుపెట్టడం కన్నా ఆ రోజు దాకా ఆగడం తెలివైన పని.

పేరుతో మార్చినవాటికి ఆ పేరు అలాగే అంటుకుని ఉంటుంది. కొన్నాళ్లకు ‘ఈ కిటుకు వాడానా, లేదా’ అని అనుమానం రాకుండా ఉండాలంటే పేరు మార్చకుండా వదిలేయడమే మంచిది. నా జోల్టియన్ ఇప్పటికీ స్పార్కీయే. రైనర్, పైరో ఇంకా నా చేతిలోనే ఉన్నాయి.